రెవ్స్ (ఇంజిన్ తిరిగే వేగం) దిగకపోవడానికి పుల్లీని తప్పుపట్టకండి

బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని ఇంజిన్ బెల్టుతో తిప్పుతుంది; ఆ బెల్టు తిరిగే చక్రం క్లచ్ పుల్లీ. దాన్ని తీసేసి మామూలు గట్టి పుల్లీ వేస్తే మాన్యువల్ స్పోర్ట్స్ కారులో ఇంజిన్ చురుగ్గా ఉంటుందని ఒకరు రాశారు. నాకు తలకిందులుగా అనిపించింది. క్లచ్ పుల్లీ లోపల ఉండేది సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే. యాక్సిలరేటర్ తొక్కితే పట్టేస్తుంది, కాబట్టి పికప్‌లో తేడా ఉండదు. గేరు మార్చడానికి కాలు తీసినప్పుడే దాని పని. ఆల్టర్నేటర్ ఇంజిన్ కంటే దాదాపు 3 రెట్లు వేగంగా తిరుగుతుంది; అంటే రోటర్ (ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగం) జడత్వం క్రాంక్‌కి (ఇంజిన్ ప్రధాన ఇరుసుకి) సుమారు 9 రెట్లుగా (3×3) తగులుతుంది. క్లచ్ పుల్లీ దాన్ని వదిలేస్తుంది, గట్టి పుల్లీ బెల్టు మీదకి తోస్తుంది. గేర్ల మధ్య రెవ్స్ త్వరగా దిగకపోతే, ఇప్పటి కార్లలో ఎక్కువగా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) థ్రాటిల్‌ని, అంటే గాలి వెళ్లే మూతని, నెమ్మదిగా మూయడం వల్ల, ఇంజిన్‌కి బిగించిన ఫ్లైవీల్ అనే చక్రం బరువు వల్ల.

నా పాత కారు 2 నుంచి 3కి మార్చిన ప్రతిసారీ కీచుమనేది. మెకానిక్ రెండుసార్లు బెల్టు మార్చాడు, పాపం దాని తప్పేం లేదు. బెల్టు తీసి, రోటర్ కదలకుండా పట్టుకుని పుల్లీ తిప్పి చూడండి: ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు పట్టాలి. నాది రెండువైపులా పట్టేసింది, ఆ కీచుకి కారణం అదే.