కట్టిన బాటలు, కట్టనివ్వని పట్టాలు

మన నోట నిత్యం పలికే ‘రహదారి’ పారసీకం నుంచి వచ్చిన మాట. అక్కడ ‘రాహ్’ అంటే దారి. ‘రాహ్‌దారీ’ అంటే దారి కాసే కాపలా, ఆ కాపలా పేరిట బిడారుల దగ్గర వసూలు చేసే సుంకం కూడా. మన పాత కాగితాల్లో సైతం రహదారి అంటే బాట ఒక్కటే కాదు, ప్రయాణానికి ఇచ్చే అనుమతి పత్రానికీ అదే పేరు. దారి ఎటు పోవాలి, దాన్ని ఎవరు కాయాలి, దాని మీద పైకం ఎవరు తీసుకోవాలి అన్న మూడు ప్రశ్నలూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఈ మాటను మనకిచ్చిన పర్షియాలోనే (నేటి ఇరాన్), పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ముఖ్యమైన కొత్త దారుల మీద ఈ మూడింటికీ జవాబు చెప్పేది పరాయి కంపెనీలయ్యాయి.

పర్షియా పేరుకు ఎప్పుడూ ఎవరి వలసరాజ్యమూ కాదు. ఖజార్ వంశపు షా టెహ్రాన్‌లో సింహాసనం మీదే ఉన్నాడు, ఫర్మానాల మీద ఆయన ముద్రే పడేది. సామ్రాజ్యాల కాలంలో రోడ్డు గుత్తలు ఎలా పనిచేశాయో తెలుసుకోవడానికి, సైన్యంతో గెలుచుకున్న దేశాల కంటే ఇలా సంతకాలతో చేజారిన దేశమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఆ సంతకాల్లో చాలామంది కట్టిన రోడ్ల గురించే చదువుతారు. నా దృష్టిలో అసలు నష్టం అదే కాలంలో రాసిన ఒక నిషేధంలో ఉంది.

1872లో నాసిరుద్దీన్ షా బారన్ జూలియస్ రాయిటర్ అనే వ్యాపారికి ఒకే పత్రంతో కాస్పియన్ సముద్రం నుంచి పర్షియన్ గల్ఫ్ దాకా రైలు మార్గం వేసే హక్కును, బంగారం, వెండి, రత్నాలు మినహా గనులను, అడవులను, కాలువలను 70 ఏళ్లకూ, కస్టమ్స్ రాబడిని 25 ఏళ్లకూ ఇచ్చేశాడు. ఒక రాజ్యం తన పారిశ్రామిక వనరులను ఇంత సంపూర్ణంగా పరాయి చేతుల్లో పెట్టిన ఘట్టం మరొకటి లేదని, తర్వాత మన దేశానికి వైస్రాయిగా వచ్చిన కర్జనే రాశాడు. రష్యా కన్నెర్ర చేయడంతో, దేశంలోనూ వ్యతిరేకత రావడంతో మరుసటి ఏడాదే షా దాన్ని రద్దు చేశాడు. అయితే రాయిటర్ తన వాదన వదల్లేదు. దానికి పరిహారంగానే 1889లో నోట్లు ముద్రించే హక్కుతో సహా ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియా పుట్టింది. టెహ్రాన్ నుంచి ఖుమ్ మీదుగా దక్షిణాన అహ్వాజ్ వైపు రోడ్డు వేసే గుత్త మరుసటి ఏడాది ఈ బ్యాంకు చేతికే వచ్చింది. రోడ్డు ఖుమ్ దాకా, ఆ తర్వాత సుల్తానాబాద్ వైపు కొంత సాగింది. అహ్వాజ్ మాత్రం చేరనే లేదు.

ఉత్తరాన కథ వేరు. రష్యన్ వ్యాపారి లాజర్ పొల్యకోవ్ సంస్థకు 1893లో కాస్పియన్ తీరపు రేవు అంజలీ నుంచి కజ్విన్‌కు, 1895లో అక్కడినుంచి టెహ్రాన్‌కూ హమదాన్‌కూ రోడ్లు వేసే హక్కు దక్కింది. ఇవి చక్రాల బళ్లు నడిచే రోడ్లు. అంతకు ముందు సంగతి చూడండి. అంజలీ రేవు ముంగిట ఇసుక మేట వల్ల పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవి. సరుకు చిన్న పడవల్లోకి మారి, తీరపు మడుగు దాటి పీర్ బజార్ చేరి, అక్కడినుంచి రష్త్‌కు, ఆపైన కంచరగాడిదల వీపుల మీద ఎల్బుర్జ్ కనుమలెక్కి టెహ్రాన్‌కు పోయేది. వర్షాలకు గీలాన్ అడవి బాటలన్నీ బురద గుంటలు. 1899 నాటికి అక్కడ గుర్రపు బళ్ల దారి పడింది. ప్రయాణికుడికి మేలు జరగలేదని ఎవరూ అనలేరు. అయితే ఆ దారిలో నిలిచిన సుంకపు గేటు కంపెనీది, కంపెనీ వెనుక ఉన్న పెట్టుబడి జారు ప్రభుత్వానిది, ఆ బళ్లలో టెహ్రాన్ బజారుకు దిగిన చక్కెర, నూలు గుడ్డలు, కిరోసిన్ రష్యావి.

దక్షిణాన బ్రిటిష్ వారి వాణిజ్య దారి బూషెహ్ర్ రేవు నుంచి షీరాజ్ మీదుగా ఇస్ఫహాన్‌కు వెళ్లేది. ఆ దారిలో ముసలమ్మ కనుమ, కూతురి కనుమ అని రెండు కొండదారులున్నాయి. నునుపుదేలిన రాళ్ల మీద కంచరగాడిదల గిట్టలు జారుతుంటే బిడారు గంటల తరబడి వాటిని ఎక్కేది. 1888లో కారూన్ నదిని అహ్వాజ్ వరకూ అన్ని దేశాల ఓడలకూ తెరిచాక, లించ్ బ్రదర్స్ కంపెనీ స్టీమర్లు నడిపి, అహ్వాజ్ నుంచి జాగ్రోస్ కొండల మీదుగా ఇస్ఫహాన్‌కు అడ్డదారి వెతికింది. ఆ కొండలు బఖ్తియారీ తెగలవి. 1897లో షా గుత్త ఇచ్చింది ఆ తెగ ఖాన్‌లకే. లించ్ కంపెనీ ఆ ఖాన్‌లకు 6 శాతం వడ్డీకి అప్పిచ్చి, తానే బాట వేసి, ఇనుప వంతెనలు నిలబెట్టింది. బిడారుల నుంచి సుంకం ఖాన్‌లు వసూలు చేసేవారు, అందులోంచే వాయిదాలు కట్టేవారు. 1899 చివర్లో తెరిచిన ఆ 430 కిలోమీటర్ల పైచిలుకు బాట చక్రాల రోడ్డు కాదు, కంచరగాడిదల దారే. పత్రంలో ఖాన్‌ల పేరుంది, లాభం లెక్క లండన్‌లో ఉంది, టెహ్రాన్ ఖజానాకు మిగిలింది అతి స్వల్పం. దేశంలోని ఒక ప్రాంతపు పెద్దలు నేరుగా విదేశీ కంపెనీకి బాకీదారులైన ఈ ఏర్పాటు, ఆ తర్వాత అదే కొండల్లో చమురు కోసం వచ్చినవారికి తయారుగా దొరికిన నమూనా అయింది.

ఇక ఆ నిషేధం. 1890 నవంబర్‌లో రష్యా షా చేత ఒక పత్రం రాయించుకుంది. పదేళ్ల పాటు పర్షియా ప్రభుత్వం తన భూభాగంలో రైలు మార్గం తాను వేయదు, మరెవరికీ వేసే హక్కు ఇవ్వదు. తానే వేసుకోకూడదన్న షరతును గమనించండి. 1900లో రష్యా 2.25 కోట్ల రూబుళ్ల అప్పిచ్చినప్పుడు నిషేధాన్ని మరో పదేళ్లు పొడిగించారు. అలా 1910 వరకూ, మన దేశంలోనూ రష్యాలోనూ రైళ్లు ఖండాలు దాటుతున్న కాలంలో, పర్షియాకు చెప్పుకోదగ్గదిగా ఉన్నదల్లా నిషేధానికి ముందే 1888లో టెహ్రాన్ నుంచి షా అబ్దుల్ అజీమ్ దర్గాకు బెల్జియం కంపెనీ వేసిన సుమారు 9 కిలోమీటర్ల లైను ఒక్కటే. దక్షిణం నుంచి బ్రిటిష్ సరుకుతో రైలు వస్తే ఉత్తరపు బజారు చేజారుతుందని రష్యా భయపడింది. బ్రిటన్ కూడా దీన్ని సహించింది. ఉత్తరం నుంచి రష్యా రైలు గల్ఫ్ దాకా దిగితే భారత సామ్రాజ్యానికి ముప్పని దాని లెక్క. రోడ్డు గుత్తలకు అంత గిరాకీ రావడానికి కారణం సరిగ్గా ఇదే. పట్టాలు వేయకూడదు గనుక బాటలు వేశారు.

ఆ పోటీలో మన ఖజానాకూ వాటా పడింది. అఫ్ఘానిస్తాన్‌ను తాకకుండా క్వెట్టా నుంచి నుష్కి మీదుగా పర్షియా తూర్పు సరిహద్దులోని సీస్తాన్‌కు 1890ల చివరి ఏళ్లలో భారత ప్రభుత్వం ఒక వాణిజ్య మార్గం తెరిచింది. నీటి చుక్క దొరకని ఎడారిలో బావులు తవ్వించి, ఠాణాలు పెట్టి, భారతీయ తేయాకును మష్‌హద్ దాకా ఒంటెల మీద పంపించింది. ఆ ఖర్చును వ్యాపార లాభంతో సమర్థించడం కష్టం. సీస్తాన్‌లో రష్యా కంటే ముందు కాలు మోపడమే దాని పని.

హైదరాబాద్ రాజ్యం అనుభవం ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1883లో నిజాం ప్రభుత్వం రైలును లండన్ కంపెనీకి అప్పగించి, పెట్టుబడి మీద 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీకి తన ఖజానాను హామీ పెట్టింది. చాందా (నేటి చంద్రపూర్) దాకా వేయాలన్న ఆ రైలు పథకాన్ని జనం ముందు చర్చకు పెట్టాలన్న అఘోరనాథ్ ఛటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, ఆ ఏడాదే రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. షరతులేమిటని అడిగినవాడే నేరస్థుడయ్యాడు.

1907 ఆగస్టు 31న బ్రిటన్, రష్యాలు పర్షియాను అడగకుండానే దాన్ని ప్రభావ మండలాలుగా పంచుకున్నాయి. ఒకరి మండలంలో మరొకరు అడగకూడని గుత్తల జాబితాలో రైళ్లు, బ్యాంకులు, తంతి, రోడ్లు, రవాణా, చివరికి బీమా కూడా ఉన్నాయి. లించ్ బాట ఒక కొస తటస్థ మండలంలో, మరో కొస ఇస్ఫహాన్ దగ్గర రష్యా మండలంలో పడ్డాయి. రెండేళ్లకు, 1909 జూలైలో, షా అణచివేసిన రాజ్యాంగం కోసం గీలాన్ వీరులు ఉత్తరం నుంచీ, బఖ్తియారీలు దక్షిణం నుంచీ టెహ్రాన్ మీదికి నడిచారు. గీలాన్ దళం వచ్చింది రష్యన్లు వేసిన రోడ్డు వెంటే. అదే నెలలో అంజలీలో దిగిన రష్యా సైన్యం ఆ రోడ్డును కాపాడాలనే సాకుతో కజ్విన్‌కు చేరింది. కంపెనీ ఆస్తిగా మొదలైన దారి సైన్యం రాకకు చట్టబద్ధమైన కారణమైంది. నా మట్టుకు, ఆ గుత్త పత్రాల్లోకెల్లా ఖరీదైన భాగం ఇదే, ఎక్కడా అక్షరాల్లో రాయకపోయినా.

1921 ఫిబ్రవరి ఒడంబడికలో సోవియట్ రష్యా అంజలీ–టెహ్రాన్, కజ్విన్–హమదాన్ రోడ్లను పర్షియాకు తిరిగిచ్చింది. వాటిని మూడో దేశానికి ఇవ్వకూడదన్న షరతు అందులోనూ ఉంది. రైలు విషయంలో మాత్రం పర్షియా తన నిర్ణయం తాను తీసుకుంది. 1925లో చక్కెర, తేయాకుల మీద పన్ను వేసి, విదేశీ అప్పు లేకుండా, 1927లో పని మొదలుపెట్టి, 1938 నాటికి కాస్పియన్ నుంచి గల్ఫ్ దాకా 1,394 కిలోమీటర్ల లైను పూర్తిచేసింది. టెహ్రాన్‌కు దక్షిణాన అది ఖుమ్, సుల్తానాబాద్, అహ్వాజ్ మీదుగా సాగింది. నలభై ఏళ్ల కిందట బ్రిటిష్ బ్యాంకు మధ్యలో వదిలేసిన వరుస అది. ఇస్ఫహాన్, షీరాజ్, తబ్రీజ్ వంటి వ్యాపార నగరాలకు అందని ఈ లైను సైన్యాలకే పనికొస్తుందని, తర్వాత ప్రధాని అయిన మొసద్దిఖ్ పార్లమెంటులో అభ్యంతరం చెప్పాడు. 1941 ఆగస్టు 25న బ్రిటన్, సోవియట్ సేనలు రెండు వైపుల నుంచీ ఇరాన్‌లోకి దిగాయి. దక్షిణాన వచ్చినవాటిలో భారతీయ దళాలున్నాయి. గల్ఫ్ రేవుల్లో దిగిన యుద్ధ సామగ్రి ఆ పట్టాల మీదే ఉత్తరానికి, రష్యాకు వెళ్లింది. ఒకప్పుడు రష్యా నిషేధించి బ్రిటన్ సహించిన ఆ రైలుకు ప్రతి గ్లాసు టీ మీదా, ప్రతి చక్కెర ముక్క మీదా పన్ను కట్టింది ఇరాన్ జనం.