థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తే ఇంజన్ బాగుపడదు

"మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ అక్కర్లేదు, అది చలి దేశాల కోసం పెట్టింది. పీకేయండి. నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, ఇంజన్ చల్లగా ఉంటుంది, మైలేజీ పెరుగుతుంది. కూలెంట్ కూడా దండగే, బోరు నీళ్లు పోస్తే చాలు." డీజిల్ పికప్ నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, షెడ్డుల దగ్గర బాగా తిరుగుతున్న మాట ఇది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు, అంటే వాటిని గాలితో చల్లబరిచే జాలీకి, పోనివ్వకుండా ఆపి, వేడెక్కాక దారి తెరిచేదే థర్మోస్టాట్ వాల్వ్. కూలెంట్ అంటే ఆ నీళ్లలో కలిపే మందు. కిస్తీలు కట్టుకుంటూ ఒక్క బండి మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు దీన్ని నమ్మి ఇంజన్ పోగొట్టుకుంటున్నారు. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చెప్పాలి.

మొదట చలి దేశాల సంగతి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో గాలి గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కితే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గోడలు చల్లగా ఉంటే ఆ మంట సరిగ్గా రాదు. వాల్వ్ లోపలి మైనం చాలా బండ్లలో 82 డిగ్రీల దగ్గర కరగడం మొదలై, 95 దగ్గరికి వచ్చేసరికి దాన్ని పూర్తిగా తెరుస్తుంది. మీ బండి అంకె వాల్వ్ మీదే చెక్కి ఉంటుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలున్నా, ఇంజన్‌కు కావాల్సిన వేడికి అది చాలా దూరం. తెల్లవారుజామున మార్కెట్‌కు బయల్దేరే కూరగాయల బండికి, డిసెంబరులో లంబసింగి ఎక్కే బండికి ఇంకా దూరం.

ఇక "పీకేస్తే చల్లగా ఉంటుంది" అన్న మాట. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. చాలా ఇంజన్లలో వాల్వ్‌కు రెండు పళ్లేలుంటాయి. పైది రేడియేటర్ దారి తెరుస్తుంది. అది తెరుచుకునేటప్పుడే కిందది దిగి బైపాస్ దారి మూస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీళ్లు రేడియేటర్‌కు పోకుండా తిరిగి పంపులోకే వచ్చే అడ్డదారి అది. వాల్వ్ మొత్తం పీకేస్తే ఆ అడ్డదారిని మూసేవాడే ఉండడు. కాగిన నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వెళ్తుంది. ఖాళీగా చదును రోడ్డు మీద తిరుగుతుంటే తేడా తెలియదు, పైగా ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు కిందే ఉంటుంది. అదే బండి లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే హీటెక్కుతుంది. నీళ్లు మరీ వేగంగా తిరగడం వల్ల రేడియేటర్‌లో చల్లబడే టైం దొరకదని కొందరు చెబుతారు. అసలు కారణం అది కాదు, మూతపడని బైపాసే.

"మా బండికి తీసేశాక హీటింగ్ తగ్గింది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల వాల్వ్ మూసుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, తీసేసరికి నీళ్లకు దారి దొరికింది. దారి మధ్యలో ఆగిపోయినప్పుడు అలా తీసి నిదానంగా షెడ్డు దాకా తెచ్చుకోవచ్చు, తప్పులేదు. కానీ ఆ తర్వాత కొత్త వాల్వ్ వేయాలి. కొన్ని వందల రూపాయల సామాను అది.

మైలేజీ పెరగదు, తగ్గుతుంది. సెన్సార్లున్న ఇంజన్‌లో నీళ్లు చల్లగా ఉన్నాయని తెలిస్తే కంప్యూటర్ డీజిల్ ఎక్కువ ఇస్తుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్ తీసి చూడండి: ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగిపోతున్నట్టే. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బీఎస్ 6 బండ్లలో ఇంకో నష్టం ఉంది. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే ఫిల్టర్‌లో మసి కాల్చే పని సరిగ్గా సాగదు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి లాగదు.

కూలెంట్ విషయంలో ఒక్క మాట ఒప్పుకోవాలి. వేడిని మోసుకుపోవడంలో ఉత్త నీళ్లే కొంచెం మెరుగు. అయితే నీళ్లు తుప్పును ఆపలేవు, మరిగే స్థాయిని పెంచలేవు. బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పాచిలా పేరుకుపోయి, కొన్నాళ్లకు దారులు పూడ్చేస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసుకోండి. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి. మాన్యువల్‌లో రాసినదే పోయండి.

మరి జబ్బు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టండి. మొదట అది చల్లగానే ఉండాలి. కాసేపటికి ఒక్కసారిగా వేడి రావాలి, వాల్వ్ తెరుచుకున్నది అప్పుడే. మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదంటే అసలు వాల్వే లేదు. ముల్లు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుని ఇరుక్కుంది. పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే రేడియేటర్ పూడిక మీద అనుమానపడాలి. వాల్వ్ విప్పాక గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. చెక్కిన అంకె దగ్గర కదలకపోతే మార్చేయండి.

ముల్లును గుడ్డిగా నమ్మకండి. నీళ్లు కారిపోయి సెన్సార్ గాల్లో మిగిలిపోతే, ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందే చూపించొచ్చు. వేడి మీద మూత తీయకండి, మరిగిన నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారాక మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? అప్పుడు వాల్వ్‌ను, కూలెంట్‌ను వదిలేసి హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే ప్యాకింగ్ చూపించండి.