పెళ్ళి ఎనభై ఒక్క శాతం పూర్తి

పోలవరం ఎంతదాకా వచ్చిందని అడిగితే ఫలానా పని అయింది, ఫలానాది కాలేదు అని ఎవరూ చెప్పరు. శాతం చెప్తారు. అదీ దశాంశంతో! 1981లో అంజయ్యగారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నలభై ఏళ్లు దాటాక కూడా చుక్క పక్కన రెండంకెలు లెక్కగట్టగలుగుతున్నామంటే, అది మామూలు ఘనత కాదు.

ఇదే లెక్కన ఒక పెళ్ళి చేద్దాం. పందిరి నూరు శాతం. బ్యాండు నూరు. కాజాలు, పూతరేకులు తొంభై. ఫోటోగ్రాఫరు నాలుగుసార్లు వచ్చి ఖాళీ పీటల్ని అన్ని కోణాల్లోనూ తీసుకుపోయాడు. పెళ్ళికొడుకు మాత్రం సున్నా. కానీ అతను డెబ్బై కిలోల మనిషి, పందిరి గుంజలేమో రెండు లారీలు. కాబట్టి మొత్తంలో తేడా కనిపించదు. వెరసి ఎనభై ఒక్క శాతం. మేనమామ మైకులో అంకె చదివాడు, అందరూ పీటల మీద అక్షింతలు వేశారు. సోమవారాన్ని పోలవారం చేసిన రాష్ట్రం కదా, పురోహితుడు కూడా వారం వారం సమీక్షకు వచ్చి తాంబూలం పుచ్చుకుని వెళ్తున్నాడు.

శాతమంటే తవ్విన మట్టి, పోసిన కాంక్రీటు. గోదావరికి ఆ లెక్క రాదు, దానికి వరుస ముఖ్యం. ముందు స్పిల్‌వే, అంటే వరదనీళ్లు వదిలే కట్టడం, దాని 48 గేట్ల మీదుగా నదిని మళ్లించాలి. పనిచోటికి నీళ్లు రాకుండా ఎగువా దిగువా వేసే తాత్కాలిక కట్టలు, కాఫర్ డ్యాములు, మూయాలి. ఆ రెంటి నడుమే డయాఫ్రం వాల్ అనే నేలలోపలి గోడ క్షేమం. ఇసుకలో 1.5 మీటర్ల మందాన కందకం తవ్వుతారు, అంచులు కూలకుండా బెంటోనైట్ బురద నింపుతారు, అడుగుదాకా దించిన గొట్టంలోంచి ప్లాస్టిక్ కాంక్రీటు పోస్తారు. అది లేచేకొద్దీ బురద పైకి పొర్లిపోతుంది. డ్యాం కిందనుంచి నీళ్లు ఊరిపోకుండా ఆపేది ఈ గోడే. దాన్ని 2018లోనే కట్టేశారు. నదిని స్పిల్‌వేలోకి మళ్లించింది 2021లో. మధ్యలో శాతం మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది.

2019 వరద వచ్చేనాటికి ఎగువ కాఫర్ డ్యాముకి సందులున్నాయి. ఏటి వెడల్పున పారాల్సిన నీళ్లన్నీ ఆ సందుల్లో పడి ఉరికాయి. ఇసుక కోసుకుపోయి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, గోడ అక్కడక్కడా దెబ్బతింది. తప్పు మీదంటే మీదని ఇప్పటికీ రెండు పార్టీలూ కొట్టుకుంటున్నాయి, కొట్టుకోనివ్వండి. అసలు సందులెందుకున్నాయి? మూస్తే దేవీపట్నం మండలంలో ఊళ్లు మునుగుతాయి, ఆ ఊళ్లవాళ్లకి ఇళ్లు కట్టలేదు! సందులున్నా ఆ ఆగస్టులో మునిగాయి. కోయలు, కొండరెడ్లు పిల్లల్నీ మేకల్నీ తీసుకుని గుట్టలెక్కారు. 41.15 మీటర్ల కాంటూరు (నీటిమట్టం ఎత్తు గీత) లోపలుంటే పునరావాసం తొలి విడతలో, 45.72 దాకా అయితే మలి విడతలో అని కాగితం మీద గీత గీసినవాళ్లని ఒక్క వరద రాత్రి ఆ గీత మీద పడుకోబెట్టాలి. కాలనీలు కట్టి, డబ్బులు చేతిలో పెట్టి, మనుషుల్ని ముందే పంపి ఉంటే ఆ సందులు మూసుకునేవి కావా? సిగ్గుండక్కర్లేదా?

రెండో గోడ 2025 జనవరిలో మొదలైంది, పాతదాని పక్కనే. పాతది ఇసుకలోనే ఉంది. దాన్ని శాతంలోంచి తీసేశారో లేదో ఎవరైనా కాస్త కనుక్కోండి.