హేవ్‌లాక్ నార్త్ సంగతి కూడా రాయాల్సింది

న్యూజిలాండ్‌లో నదులు, భూగర్భ జలాల బాగోగులు చూసే ప్రాంతీయ మండళ్ల హద్దులను 1989లో చాలావరకు నదీ పరివాహక ప్రాంతాలను బట్టి గీశారని మీరు వేసిన వ్యాసంలో మెచ్చుకున్నారు. సబబే. కానీ 2016 ఆగస్టులో ఆ దేశంలోని హాక్స్ బే ప్రాంతంలో ఉన్న హేవ్‌లాక్ నార్త్ అనే ఊళ్లో జరిగింది వదిలేశారు. భారీ వర్షానికి గొర్రెల పెంటికలు కలిసిన నీరు ఊరికి నీళ్లిచ్చే బోర్లలోకి చేరింది. వేల మంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. భూగర్భ జలాల కాపలా హాక్స్ బే ప్రాంతీయ మండలిది, కుళాయి నీళ్లు హేస్టింగ్స్ జిల్లా మండలివి. ఈ రెండు మండళ్ల మధ్య సరైన సమన్వయం లేదని ప్రభుత్వ విచారణలో తేలింది. ఎంత బాధాకరం! బోరుకు పర్మిషన్ ఇచ్చిన మండలే మనిషిని పంపి, దాని మూత, సీలు ఎలా ఉన్నాయో క్రమం తప్పకుండా చూడాలి. నన్నడిగితే, బడ్జెట్‌లో మిగతా ఖర్చులన్నిటికంటే ముందు దీనికే డబ్బు కేటాయించాలి.