నిలబడి పడే విద్య

సైకిల్ మీద నుంచి పడడానికి వరంగల్‌లో ఇన్నాళ్లూ ఏదో ఒక కారణం ఉండేది. గుంత, కుక్క, ఇసుక, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో, ములుగు రోడ్డు మీద ఆరబోసిన మక్కలు. పడ్డవాడు లేచి, దులుపుకుని, ఆ కారణాన్ని నాలుగు తిట్టి తన దారిన పోయేవాడు. ఇప్పుడు కారణంతో పనిలేని పతనం ఒకటి ఊళ్లోకి వచ్చింది. సిగ్నల్ దగ్గర సైకిల్ బుద్ధిగా ఆగుతుంది. బ్రేకులు బాగానే పడ్డాయి, ఎవరూ తగల్లేదు, వేగం సున్నా. హెల్మెటు, గ్లౌజులు, రంగుల జెర్సీ వేసుకున్న పెద్దమనిషి రెండు క్షణాలు విగ్రహంలా నిలబడి, ఆ తర్వాత నరికిన తాటిచెట్టులా మెల్లగా పక్కకు ఒరుగుతాడు. టీ బండి దగ్గరి జనం పరుగెత్తుకొచ్చి అడిగేది ఒకటే మాట: "కాలు కింద పెట్టరాదు సారూ?"

పెట్టలేడు. కాలు పెడల్‌కు తాళం పడి ఉంది. వేయించుకున్నది ఆయనే, డబ్బులిచ్చి.

ఈ పెడల్‌ను క్లిప్‌లెస్ అంటారు, అంటే క్లిప్పు లేనిది. మనిషిని క్లిప్పు చేసి పట్టుకునే వస్తువుకు ఆ పేరేమిటని అనుమానించనక్కర్లేదు. పూర్వం రేసు సైకిళ్ల పెడల్ ముందు ఇనుప పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరానికి టో క్లిప్ అని పేరు. అది తీసేశారు కాబట్టి క్లిప్‌లెస్. 1970ల మొదట్లో ఇటలీ చినెల్లి కంపెనీ తెచ్చిన ఎం71 పెడల్‌లోంచి కాలు బయటపడాలంటే వంగి చేత్తో మీట జరపాలి. దానికి చావు పెడల్ అని పేరు పడింది. 1984లో ఫ్రాన్స్‌లోని లుక్ కంపెనీ, మంచు మీద జారేవాళ్ల స్కీ లాకును పెడల్‌కు తెచ్చింది. మడమ పక్కకు తిప్పితే ఊడిపోతుంది. మరుసటి ఏడు ఫ్రెంచ్ రేసు వీరుడు బెర్నార్ ఈనో వాటి మీదే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో జపాన్ కంపెనీ షిమానో వారి ఎస్‌పీడీ పెడల్ వచ్చింది. ఈనోకు దారిలో మన హన్మకొండ అదాలత్ సిగ్నల్ తగల్లేదన్న సంగతిని మాత్రం ఎవరూ నమోదు చేయలేదు.

కాలికి బంధం వేసుకుని పనిచేయడం మనకేం కొత్త కాదు. గీత కార్మికుడు నడుముకు మోకు, కాళ్లకు బంధం వేసుకుని తాడెక్కుతాడు, లొట్టి నింపుకుని దిగుతాడు, బంధం విప్పేసి సైకిలెక్కి ఇంటికి పోతాడు. ఈ కొత్త పెడల్ చూపిస్తే ఆయన అడగబోయేది తెలిసిందే: "చెట్టెక్కెటప్పుడు కడ్తం గని, నేల మీద పోయెటానికి ఎవడన్న కాళ్లు కట్టేసుకుంటడా?" దీనికి సైకిల్ దుకాణాల్లో సిద్ధంగా ఉండే జవాబు, పెడల్‌ను తొక్కడమే కాక పైకి కూడా లాగొచ్చు, బలం రెట్టింపు అని. నిలకడగా తొక్కుతూ పోయేవాడికి లాగడం వల్ల కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు. నిజమైన లాభం వేరే ఉంది. గతుకుల్లో కాలు జారదు, పాదం ప్రతిసారీ ఒకేచోట కూర్చుంటుంది, షూ అడుగు గట్టిగా ఉండడం వల్ల గంటల తరబడి తొక్కినా అరికాలు నొప్పి పుట్టదు. పాలంపేట రామప్ప దాకా పోయి వచ్చేవాడికి ఇవి చిన్న లాభాలు కావు. నయీంనగర్ నుంచి చౌరస్తా ఇడ్లీ బండి దాకా పోయేవాడికి మాత్రం హవాయి చెప్పులు మించిన యంత్రం లేదు.

అయినా కొనితీరాలనుకుంటే, షూ అడుగున బిగించి పెడల్‌లో ఇరికించే బిళ్ల, అదే క్లీటు, రెండు బోల్టులదా, మూడు బోల్టులదా అన్న ధర్మసంకటం ఎదురవుతుంది. మూడు బోల్టులది రేసుల వాళ్ల సొత్తు. షూ అడుగున ప్లాస్టిక్ క్లీటు పొడుచుకొచ్చి ఉంటుంది, నడిస్తే బాతు నడక, గ్రానైట్ గచ్చు మీద అయితే నడక కూడా కాదు, జారుడు. పెడల్ ఒకవైపే పట్టుకుంటుంది, ఆగిన ప్రతిసారీ బొటనవేలితో దాన్ని తిరగేసి వెతుక్కోవాలి. రెండు బోల్టుల ఎస్‌పీడీలో ఇనుప క్లీటు షూ అడుగులో లోపలికి దాగి ఉంటుంది, పెడల్ సాధారణంగా రెండు వైపులా పట్టుకుంటుంది, దిగి నడిచి చాయ్ తెచ్చుకోవచ్చు. మన ఊరికి ఇదే శాస్త్రోక్తం. క్లీట్లలోనూ షిమానోవి రెండు రకాలు: ఎస్‌హెచ్51 మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్56 కంగారులో ఎటు గుంజినా చాలావరకు వదిలేస్తుంది. పెడల్‌తో పాటు డబ్బాలో తరచుగా వచ్చేది మొదటిది. కొత్తవాళ్లు రెండోది విడిగా అడిగి తీసుకోవాలి. అడిగితే పరువు పోతుందనుకునేవాళ్లకు, ఆ పరువు అదాలత్ దగ్గర ఎలాగూ పోతుంది.

షూ సాయంత్రం పూట కొలుచుకోవాలి. మే నెల వరంగల్ ఎండలో పాదం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన షూ మధ్యాహ్నానికి రోకలి పోటు. భద్రకాళి గుడి ముందు విడవడానికి భయపడే పని మాత్రం లేదు. మూడు బోల్టుల జత ఎత్తుకుపోయినవాడికి పది అడుగుల్లోనే పశ్చాత్తాపం కలుగుతుంది.

ఇక బిగించడం. చదువుకున్నవాళ్లు కూడా చెడిపోయేది ఇక్కడే. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ ఎదురు తిరుగుడు మర. ఇరుసు మీద ఆర్, ఎల్ అని చెక్కి ఉంటుంది. పదిహేను నంబరు పానా పెట్టినా, వెనక నుంచి ఆరో ఎనిమిదో మిల్లీమీటర్ల ఎలెన్ కీ పెట్టినా, ఒకటి గుర్తుంటే చాలు: ఇరుసును ముందు చక్రం వైపు తిప్పుతూ పోతే రెండూ బిగుస్తాయి, వెనక చక్రం వైపు తిప్పితే రెండూ ఊడతాయి. ఎడమది "బిగుసుకుపోయింది" అని పానాకు పైపు తొడిగి తప్పు దిక్కుకు తిప్పితే పెడల్‌ను మోసే అల్యూమినియం చెయ్యి, అదే క్రాంకు, దాని చూడీలు పోతాయి, కొత్త పెడల్‌తో పాటు కొత్త క్రాంకు కూడా ఇంటికొస్తుంది. మరకు గ్రీజు పూసి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించాలి.

క్లీటు బోల్టులకు నాలుగు మిల్లీమీటర్ల కీ. బొటనవేలి మొదటి కణుపు, అదే పాదం వెడల్పైన చోటు, పెడల్ ఇరుసు మీదికి వచ్చేలా పెట్టి, దూరప్రయాణాలకైతే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడేస్తే పాదాలు ఎటు తిరిగి ఉంటాయో క్లీటు కూడా అటే తిరిగి ఉండాలి. అందరి పాదాలూ నేరుగా ఉండవు. నేరుగా పెట్టించాలని పట్టుబడితే మోకాలు మొండికేస్తుంది. బోల్టుకు గ్రీజు, బిగింపు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు, క్లీటు చుట్టూ పెన్నుతో గీత. మొదటి సవారీ కాగానే మళ్లీ బిగించి చూడాలి.

ఈ చివరి వాక్యాన్ని ఎవరూ పాటించరు, అందుకే దాని ఫలితం చెప్పుకోవాలి. రెండు బోల్టుల్లో ఒకటి దారిలో రాలిపోతే క్లీటు మిగిలిన బోల్టు చుట్టూ తిరుగుతుంది. మడమ ఎంత తిప్పినా షూ తిరుగుతుంది తప్ప క్లీటు కదలదు, పెడల్ వదలదు. క్లీటును పట్టి ఉంచే పెడల్ స్ప్రింగు వదులు చేసినా, అమ్మవారికి మొక్కినా వదలదు. ఒకే దారి: దేనికైనా ఆనుకుని, షూ పట్టీ విప్పి, కాలు బయటికి లాగి, షూను పెడల్‌కే వదిలేయడం. కాజీపేట బ్రిడ్జి మీద ఒంటికాలి సాక్సుతో నిలబడ్డ పెద్దమనిషి కనిపిస్తే భిక్ష వేయకండి, నాలుగు మిల్లీమీటర్ల కీ ఇవ్వండి.

స్ప్రింగు బిగువు తగ్గించేది మూడు మిల్లీమీటర్ల కీ. రెండు వైపులా పట్టే పెడల్‌కు రెండు స్క్రూలు, జతకు నాలుగు. మూడు వదులు చేసి ఒకటి మరిచిపోతే, సైకిల్ ఆ ఒక్కదాన్నే ఎంచుకుని పడేస్తుంది. సాధన గోడ పట్టుకుని మొదలుపెట్టాలి, ఒక్కో కాలు యాభై సార్లు. తర్వాత ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో గడ్డి మీద, వాకింగ్ వాళ్లు రాకముందే. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ బయటికి తిప్పాలి. కాలు పైకి లాగకూడదు. చిన్నప్పటి నుంచి సైకిల్ దిగడమంటే కాలు ఎత్తడమే కాబట్టి, కంగారులో ఒళ్లు దాన్నే చేస్తుంది, స్ప్రింగు దాన్నే అడ్డుకుంటుంది. అందుకని పది మీటర్ల ముందే గేరు తగ్గించి, ఒక కాలు విడిపించుకుని, సీటు మీద నుంచి ముందుకు జారి ఆగాలి. సీటు సరైన ఎత్తులో ఉంటే దాని మీద కూర్చుని నేల అందదు.

ఏ కాలు విడిపించాలి? దీని మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఎడమ కాలు అంటారు. కానీ రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది, ఆ వాలు చివర మోరీ ఉంటుంది. కుడి కాలు విడిపిస్తే నేల దగ్గరగా అందుతుంది, ఆర్టీసీ బస్సు కూడా. పైగా కుడి పిక్కకు చైను నలుపు ముద్ర పడుతుంది. అన్నీ తూచి చూస్తే ఎడమ కాలే మేలు, మోరీకి మూరెడు దూరం ఉంచి. ఎడమ కాలు విడిపించి కుడివైపు ఒరిగితే చేసేదేం లేదు. చేతులు చాపి ఆపుకోకుండా హ్యాండిల్ పట్టుకునే పడాలి, మణికట్టు మిగులుతుంది.

వానాకాలంలో నల్లరేగడి గురించి రెండు ముక్కలు. క్లీటు సందులో అది నిండితే కాలు పట్టదు, పట్టిందా ఇక వదలదు. పాత పళ్ల బ్రష్షు జేబులో పెట్టుకోవాలి.

చివరగా నగరపాలక సంస్థకు ఒక విన్నపం. కోపెన్‌హాగెన్‌లో సిగ్నళ్ల దగ్గర సైకిల్ వాళ్లు కాలు ఆనించి, చేత్తో పట్టుకుని నిలబడడానికి కడ్డీలు నాటారు. హన్మకొండ చౌరస్తా, అదాలత్, పోచమ్మ మైదాన్, ఈ మూడు చోట్ల ఒక్కొక్క కడ్డీ నాటితే తాళం వేసుకున్న పౌరులు గౌరవంగా నిలబడగలరు. కడ్డీ నాటిన మర్నాడు పొద్దున అయిదున్నరకల్లా దానికి ఒకవైపు ఇడ్లీ బండి టార్పాలిన్ తాడు, మరోవైపు జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టి ఉంటాయి. పట్టుకోవడానికి మధ్యలో జానెడు జాగా వదలమని కూడా ఆ ఉత్తర్వులోనే రాయగలరు.