బండి బాగైపోతే మా గతేమిటి?

కర్నూలు మూడేళ్ల ఒక నెల పాటు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉంది. 1953 అక్టోబరు 1న ఆ హోదా వచ్చింది, 1956 నవంబరు 1న హైదరాబాదు వెళ్లిపోయింది. మాకు మిగిలినవి ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేటల పేర్లు. కాబట్టి ఒకప్పుడు ఘనంగా నడిచి ఇప్పుడు కదలకుండా కూర్చున్న దాన్ని ఎలా గౌరవించాలో మా ఊరివాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. మా ఇంటి మెట్ల కింద ఉన్న 1972 నాటి జావా మోటారు సైకిలును నేను ఆ గౌరవంతోనే చూస్తాను. ఇంట్లో తక్కినవాళ్లకు అది చీపుర్లు ఆనించుకునే చోటు.

బండి మా చిన్నాన్నది. దాన్ని తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1961లో మొదలై 1996లో మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా బండి ఆగలేదు. దాన్ని ఆపడానికి ఏకంగా తుంగభద్ర రావలసి వచ్చింది. 2009 అక్టోబరు 2న నది పాతబస్తీలోకి వచ్చినప్పుడు మేము మేడ మీదికి చేర్చినవి దేవుడి పటాలు, పొలం కాగితాలు, గ్యాసు సిలిండరు, మా నాయనమ్మ. (అది ప్రాధాన్య క్రమం కాదని ఆవిడ బతికున్నన్నాళ్లూ సంజాయిషీ చెప్పుకున్నాం.) బండి కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక సైలెన్సర్లోంచి చేపపిల్ల జారిపడిందని చిన్నాన్న ఇప్పటికీ చెబుతాడు. లీటరుకు అరవై కిలోమీటర్లు ఇచ్చేదని కూడా చెబుతాడు. చేపను నమ్ముతాను. అరవైని మాత్రం పోయిన బర్రె పలిగెడు పాల లెక్కలో రాసుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక రాత్రి నిద్ర పట్టక ఫోనులో వీడియో చూశాను. ఎవరో కుర్రవాడు, చెత్తకుప్పలో దొరికిన పాత బండిని పదకొండు నిమిషాల్లో లేపి, ఎక్కి, కొండ మలుపు తిరిగి వెళ్లిపోయాడు. మర్నాడే ఒక పానాల పెట్టె, బనియన్ వేస్టు రెండు కిలోలు కొన్నాను. ఆ పదకొండు నిమిషాల వీడియోలో రెండేళ్ల తర్వాత నేను సుమారు ఆరో నిమిషం దగ్గర ఉన్నాను.

ముందు ట్యాంకు. లోపల తుప్పు పెచ్చులు కట్టింది. గుప్పెడు నట్లు, నాలుగు సీసాల వినిగర్ పోసి ఊపమన్నారు. చంటిపిల్లను నిద్రపుచ్చినంత సేపు ఒళ్లో పెట్టుకుని ఊపాను. బకెట్లోకి వంచిన దాన్ని చూసి మా ఆవిడ, ‘చింతపండు ఇంత నల్లగా ఉందేమిటండీ’ అంది. తర్వాత పిస్టన్. వరద బురదకు సిలిండరులో కరుచుకుపోయింది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిలు పోసి ఓపిక పట్టమన్నారు. దీపావళికి పోసిన డీజిలు సంక్రాంతికి పనిచేసింది. ఈ రెండు పండుగల మధ్య రోజూ ఉదయం వెళ్లి, కిక్కు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, కదులుతుందేమోనని చూసేవాణ్ణి. కదల్లేదు. అయినా ఆ మూడు నెలలు నేను ఎవరి మీదా విసుక్కోలేదని ఇంట్లో ఒప్పుకున్నారు.

ఆదివారం ఉదయాల్లో మా గుమ్మం ముందు ఒక నిపుణుల సంఘం కూడేది. రిటైరైన లెక్కల మాస్టారు, మందుల షాపాయన, ఎదురింటి బీమా ఏజెంటు. వీరిలో ఎవరికీ ఇంజను విప్పిన అనుభవం లేదు కనుక అభిప్రాయాలు చాలా స్పష్టంగా ఉండేవి. మాస్టారు పెట్రోలు, ఆయిల్ నిష్పత్తి మీద పట్టు వదలరు. ఇది టూ స్ట్రోకు, ఆయిల్ పెట్రోల్లోనే కలపాలి, చిన్నాన్న లెక్క ప్రకారం లీటరుకు 40 మిల్లీలీటర్లు. అంటే 25కి 1 అని మాస్టారు గోడ మీద బొగ్గుతో రాసి చూపించారు. ఒకప్పుడు బంకుల్లోనే ఆయిల్ కలిపి పోసేవారు. ఇప్పుడు పిల్లల దగ్గు మందు మూతతో కొలుచుకుంటున్నాను. ఆ మూత తాలూకు వివాదం ఇంట్లో ఇంకా నడుస్తోంది కాబట్టి వివరాల్లోకి వెళ్లను. మందుల షాపాయన ఏ జబ్బుకైనా గాలి అడ్డమని తేల్చేవాడు. బీమా ఏజెంటు బండి వైపు చూసేవాడు కాదు, నా వైపే చూసేవాడు.

నిజంగా తెలిసినవాడు ఒక్కడే, కొండారెడ్డి బురుజుకు అవతల ఒక రేకుల షెడ్డులో పనిచేసే ముసలి మెకానిక్కు. నేను రెండేళ్లలో చేసినదంతా ఆయన పది నిమిషాలు మౌనంగా చూశాడు. ‘ఎలా ఉంది భాయ్?’ అన్నాను. ‘సార్, ముందు మీరు బాగుచేసిన దాన్ని బాగుచేయాలి. ఆ తర్వాత బండిని చూద్దాం’ అన్నాడు. సిలిండరును లేతుకు పంపి బోరు చేయించి, ఓవర్ సైజు పిస్టన్, రింగులు తెప్పించాడు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పాయింట్లను ఉప్పుకాగితంతో రెండుసార్లు గీసి, వాటి మధ్య సందు సరిచేశాడు. ఆ సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలని పుస్తకం. దానికి నేను కొలిచే రేకులు తెప్పించుకున్నాను, భూతద్దం కొన్నాను. ఆయన ఒక కన్ను మూసి, ‘చాలు’ అన్నాడు. కొలిచి చూస్తే 0.4.

ఈ బండి నిర్మాణం గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. దీనికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. ఒకరు సంపాదించి ఇద్దరు ఖర్చుపెట్టే సంసారం అన్నమాట. కిక్కుకూ గేరుకూ కలిపి కడ్డీ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి మడిస్తే గేరు. ఒకే మనిషికి రెండు శాఖలు అప్పగించడం మన ప్రభుత్వాలకూ అలవాటే, కానీ ఇక్కడ రెండూ పనిచేస్తాయి. కరెంటు 6 వోల్టులు, కాబట్టి హెడ్‌లైటు ఆముదం దీపంలా వెలుగుతుంది. ఎదుటివాడికి మనం కనపడతాం, మనకు ఏమీ కనపడదు. ఇక ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఈ వయసులో కొత్త వంట ఎవరికి పడుతుంది?

మొన్న మాఘంలో ఒక ఆదివారం, నలభయ్యో కిక్కుకో ఏమో, బండి ఒకసారి దగ్గింది. ఆ తర్వాత కిక్కుకు లేచింది. నీలిరంగు పొగ వీధి చివరి దాకా నిండింది. దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారనుకుని నాలుగిళ్లవాళ్లు కిటికీలు తెరిచారు. మెట్ల కిందినుంచి ఒక పిల్లి, రెండు బొద్దింకలు శాశ్వతంగా ఇల్లు మారాయి. చిన్నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, ఆ వణుకు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. నేను ఏదో అంటాడని చూశాను. ‘ఒరేయ్, టైమింగు కాస్త ముందుంది’ అని లోపలికి వెళ్లిపోయాడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. బండి నడిచింది. మర్నాడూ నడిచింది. సోమ, మంగళ, బుధ వారాలు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేను ఏం చేయాలో నాకు తోచలేదు. పానాల పెట్టె తెరిచి మూశాను. ఆదివారం నిపుణుల సంఘం వచ్చింది. ‘నడుస్తోందా?’ అన్నారు మాస్టారు. నడుస్తోందన్నాను. ‘సరే అయితే’ అని కాసేపు గోడ మీది 25కి 1ని చూసి వెళ్లిపోయారు. తక్కిన ఇద్దరూ కాఫీ కూడా తాగలేదు. ఆ రాత్రి కిందికి దిగి, కార్బురేటరు స్క్రూను పావు చుట్టు తిప్పాను. ఎందుకు తిప్పానని అడగకండి. సోమవారం బండి లేవలేదు. మాస్టారికి ఫోను చేస్తే, స్నానం కూడా చేయకుండా వచ్చారు.

నన్ను ఇంట్లో నేరస్థుణ్ణి చేశారు కానీ చట్టం నా వైపే ఉంది. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. నంబరు పలకలో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. రెండేళ్ల నా శ్రమ వల్ల పెద్ద మార్పేమీ జరగలేదని మా ఇంట్లో ఎవరైనా సాక్ష్యం చెబుతారు. అన్నిటికన్నా గొప్ప నిబంధన ఇంకొకటుంది. ఈ బండ్లను రోజువారీ పనులకు వాడరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఇది రాసినాయన ఇంట్లో తప్పకుండా ఒక జావా ఉండి ఉంటుంది. పెట్రోలుకు వెళ్లడం, మరమ్మతుకు వెళ్లడం. పాత బండి జీవితంలో మూడో ప్రయాణం లేదని ఆయనకు ముందే తెలుసు. పరిశోధన అన్న మాట చేర్చడంలో ఆయన దయ కనిపిస్తుంది.

ఈ నిబంధనను మా ఆవిడకు గట్టిగా చదివి వినిపించాను. రిజిస్ట్రేషను అయ్యాక ఈ బండి మీద కూరగాయలు తేవడం చట్ట విరుద్ధమవుతుందని, ఇప్పటినుంచే అలవాటు చేసుకోవడం మంచిదని వివరించాను. ఆమె చేస్తున్న పని ఆపి మొత్తం విన్నది.

‘మరమ్మతుకు వెళ్లవచ్చు కదండీ?’

‘నిరభ్యంతరంగా.’

‘అయితే సి క్యాంపు మీదుగా వెళ్లండి. దారిలో రైతుబజారు ఉంది. అరకిలో గోంగూర, కిలో వంకాయలు.’ గుడ్డసంచి తెచ్చి హ్యాండిలుకు తగిలించింది.

దీనికి సమాధానం ఆ నిబంధనల్లో ఎంత వెతికినా దొరకలేదు. కడ్డీ లోపలికి నొక్కి, పైకి తిప్పి, కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. ఎన్నోదో లెక్క తప్పిన కిక్కు దగ్గర ఆయాసం తీర్చుకుందామని తల ఎత్తేసరికి, వీధి మలుపులో ఆటో దిగి, గోంగూర కట్టలు రెండు చేతులా పట్టుకుని ఆమె తిరిగి వస్తోంది.