‘అత్తయ్యకు చెప్పొద్దు’

బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాటాయనకు లేఆఫ్ అయిన సంగతి నెలన్నర దాకా ధర్మవరంలోని వాళ్ళమ్మకు తెలియదు. ఆయన పొద్దున తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని లిఫ్టు దిగేవాడు. రాత్రి ఫోనొస్తే భార్య ఎత్తి ‘మీటింగులో ఉన్నారత్తయ్యా’ అనేది. ఎనిమిదేళ్ళ కూతురు డ్రాయింగ్ బుక్కు అయిపోయినా కొత్తది అడగకుండా పాత పేజీల వెనకే బొమ్మలు వేసుకునేది. ఆ పిల్లకెవరూ ఏమీ చెప్పలేదు మరి!

మన ఇళ్ళల్లో కష్టం రాగానే ముందు తేల్చుకునేది ఎవరికి చెప్పకూడదన్నదే. పెద్దవాళ్ళకు బీపీ, పిల్లలకు పరీక్షలు, బంధువులకు నోరు. ఇది తెలివితక్కువతనమని నేననను. తొలి వారం పది రోజులు ఆ దాపరికమే ఊపిరి తీసుకోనిస్తుంది. ఆ తర్వాత దాన్ని మోయడానికే ఒక మనిషి కావాలి. ఆ మనిషి చాలాసార్లు కోడలే.

కష్టం ఒక్కరిదే అయినా కుదుపు ఇంటిల్లిపాదికీ అని మన వైద్యులు ఎప్పుడో గుర్తించారు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచారు. ఇక్కడ హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాలకోసమే ఒక విభాగం ఉంది. రోజూ దాని ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కునే మనవాళ్ళకు మాత్రం అదింకా ‘పిచ్చాసుపత్రే’.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మంచిదే. కానీ రెండు బెడ్‌రూముల ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎక్కడ నిలబడి మాట్లాడాలి? బాత్రూంలో కుళాయి తిప్పుకునా? ‘కుటుంబమే మందు’ అనేవాళ్ళు తాగొచ్చి కొట్టే ఇళ్ళనూ లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ ‘సర్దుకుపో’ అన్న మాటే గాయాన్ని మాననివ్వదు.

పక్కింటి విషయం చివరికి ఒక మేనమామ నోట బయటపడింది. పెద్దావిడ మర్నాడే సంచితో దిగింది. ఏడుస్తుందనుకుని అందరూ గుండె గట్టి చేసుకుని కూర్చుంటే, చెప్పులైనా విప్పకుండా ‘ఈఎంఐ ఎంత కట్టాలి?’ అని అడిగిందట. కాఫీలో చక్కెర వేయబోతే వద్దంది. షుగరొచ్చి ఆరు నెలలైందని, కొడుకు కంగారుపడతాడని చెప్పలేదని అప్పుడు బయటపెట్టింది.